గాజు పెట్టెలో బల్లికి ఢిల్లీ పర్మిషన్ ఎందుకు?

విజయవాడ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న కొడుకు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి రూ.18,000 పెట్టి పచ్చ ఇగువానా కొన్నాడు. అమ్మినవాడు "ఇది ఫారిన్ జంతువు, మన చట్టం దీనికి వర్తించదు, పేపర్లు తర్వాత పంపుతా" అన్నాడట. ఈలోగా అబ్బాయి స్నేహితులు బ్యాంకాక్ వెళ్తున్నారు, వచ్చేటప్పుడు బాల్ పైథాన్ పిల్లను తెస్తామంటున్నారు. డాలస్‌లో ఉన్న బావమరిది ఇండియా తిరిగొచ్చేస్తూ తను పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లిని వెంట తెచ్చుకుందామని చూస్తున్నాడు. ఇవన్నీ చెప్పి ఆ పెద్దాయన చివర్లో ఒక మాట రాశారు: "కుక్కను పెంచితే ఎవరూ అడగరు. గాజు పెట్టెలో ఓ మూల కూర్చునే బల్లికి ఢిల్లీ పర్మిషన్ ఎందుకండీ?"

సార్, ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. ఇగువానాకి చట్టం వర్తిస్తుంది, రిజిస్ట్రేషన్ ఉండాలి. బ్యాంకాక్ పామును తెమ్మనొద్దు, తెచ్చినవాళ్లు అరెస్టయ్యే కేసు అది. బావమరిది గారి డ్రాగన్ బ్యాగేజీలో రాదు. కుక్కకు కూడా మున్సిపాలిటీ లైసెన్సు ఉంటుంది, మనం తీసుకోం, అది వేరే సంగతి.

నేను పశువైద్యుడిని. గేదెలు, కుక్కలతో మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్లుగా తాబేళ్లు, ఇగువానాలు, పాములు కూడా చూస్తున్నాను. ఫారెస్టు వాళ్లు పట్టుకున్న జంతువుల్ని పరీక్షకు తెచ్చినప్పుడు చూశాను, వాటిని పోగొట్టుకున్న కుర్రాళ్లు బల్ల అవతల కూర్చుని ఏడవడమూ చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

"ఫారిన్ జంతువు కాబట్టి మన చట్టం వర్తించదు" అన్న మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ఒకప్పుడు దాదాపు నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రధానంగా మన దేశపు జంతువుల్నే చూసింది. కొండచిలువ, ఉడుము, నక్షత్ర తాబేలు దాని పట్టికల్లో ఉండేవి. దక్షిణ అమెరికా ఇగువానా, ఆఫ్రికా బాల్ పైథాన్ లేవు. మనం 1976లోనే సైటిస్ ఒప్పందంలో చేరాం. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం అది. కానీ దాని పట్టు సరిహద్దు దగ్గరే. కస్టమ్స్ కళ్లుగప్పి ఒక్కసారి లోపలికి వచ్చేసిన జంతువును ఇంట్లో ఉంచుకున్నందుకు పట్టుకోవడానికి సరైన సెక్షన్ ఉండేది కాదు. ఆ సందులోనే ఈ వ్యాపారమంతా పెరిగింది.

2022లో చట్టాన్ని సవరించారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లను నాలుగుకి తగ్గించి, నాలుగో షెడ్యూల్‌లో సైటిస్ జాబితాలోని జాతుల్ని పెట్టారు. పచ్చ ఇగువానా అందులో ఉంది. బాల్ పైథాన్ ఉంది. సల్కాటా అని పిలిచే ఆఫ్రికా పెద్ద తాబేలు ఉంది. 49ఎం సెక్షన్ ఏమంటుందంటే, ఈ షెడ్యూల్‌లోని ప్రాణమున్న జంతువు ఎవరి దగ్గరున్నా ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పి రిజిస్టర్ చేయించుకోవాలి. చేతులు మారితే చెప్పాలి, పిల్లలు పుడితే చెప్పాలి. దానికి సంబంధించిన నియమాలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్పటికే జంతువులున్నవాళ్లకు ఆరు నెలల గడువిచ్చారు, అంటే ఆగస్టు చివరి వరకు. ఆ తర్వాత ఎవరికి జంతువు వచ్చినా 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా నమోదు చేసుకోవాలి.

కాబట్టి మీ అబ్బాయికి నేనడిగే మొదటి ప్రశ్న "ఏ జంతువు?" అని కాదు, "ఎప్పుడు కొన్నావు?" అని. ముప్పై రోజులు దాటలేదంటే పని ఇంకాస్త సులువు.

ఇక ఆ "పేపర్ల" సంగతి. నా దగ్గరకొచ్చే వాటిలో మూడు రకాలుంటాయి. ఒకటి, మామూలు బిల్లు పుస్తకంలో చేత్తో రాసిన కాగితం. "గ్రీన్ ఇగువానా – 1" అని రాసి కింద "సైటిస్ సర్టిఫైడ్" అని రబ్బరు స్టాంపు కొట్టి ఉంటుంది. సైటిస్ అనేది దేశాల మధ్య ఒప్పందం. దాని పర్మిట్‌ను ఒక్కో దేశంలో ప్రభుత్వం నియమించిన అధికార సంస్థే ఇస్తుంది. అక్వేరియం షాపువాడి స్టాంపుకు చిత్తు కాగితానికున్న విలువ కూడా లేదు.

రెండోది 2020 నాటి పొసెషన్ సర్టిఫికెట్. ఇది అసలైనదే. ఆ ఏడాది జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక అవకాశమిచ్చింది. ఇంట్లో ఎగ్జాటిక్, అంటే విదేశీ, జంతువులున్నవాళ్లు ఆరు నెలల్లో స్వచ్ఛందంగా వెల్లడిస్తే, ఎక్కడి నుంచి తెచ్చారని పత్రాలు అడగం అంది. వేలమంది వెల్లడించారు. పరిశీలన తర్వాత చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ అవకాశం ముగిసి చాలాకాలమైంది. కానీ ఆ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

ఎలా తిరుగుతాయో చెబుతాను. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు ఇగువానా తెచ్చాడు. ఫోన్లో సర్టిఫికెట్ చూపించాడు. సీలు, నంబరు అన్నీ ఉన్నాయి. అందులో "మగది, పెద్దది, పొడవు నాలుగు అడుగులు" అని ఉంది. బల్ల మీద చెప్పుల డబ్బాలో ఉన్నది తోకతో కలిపి జానెడు. ఇంకా ఆకుపచ్చ మెరుపు పోని పిల్ల. "ఇది దాని పిల్లేమో సార్" అన్నాడు. మగదానికి పిల్లా అని నేనడగలేదు, వాడికే అర్థమై తల దించుకున్నాడు. అమ్మినవాడు అదే పీడీఎఫ్‌ని ఎంతమందికి పంపాడో. ఆ నంబరుకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

మూడోది సరైన కాగితం. అమ్మేవాడి పేరున రిజిస్ట్రేషన్, ఆ జంతువు పుట్టినట్టు గానీ దిగుమతైనట్టు గానీ రికార్డు, అక్కడి నుంచి మీ పేరుకు బదిలీ. ఇలాంటివి నేను వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చూశాను. మీ అబ్బాయి అమ్మకందారుడిని అడగాల్సింది ఈ గొలుసు. "పేపర్లు తర్వాత" అనే మాటే ఉండదు. ఇల్లు కొని రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం అంటారా?

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. అసలు ఎందుకు పట్టించుకోవాలి?

బాల్ పైథాన్‌నే తీసుకుందాం. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఇవి దశాబ్దాలుగా ఎగుమతి అవుతున్నాయి. సైటిస్ పర్మిట్ మీద ఒక చిన్న అక్షరం ఉంటుంది, అది మూలాన్ని చెప్పే కోడ్. అడవిలో పట్టినదైతే ఒక అక్షరం, పెంపకంలో పుట్టినదైతే మరొకటి, అడవి నుంచి గుడ్లో పిల్లలో తెచ్చి పెంచినదైతే ఇంకొకటి. ఈ ఒక్క అక్షరం మార్చితే దొంగ సరుకు దొర సరుకైపోతుంది. ఇండోనేషియాలో ఆకుపచ్చ చెట్టు కొండచిలువల మీద జరిపిన ఒక పరిశోధన 2011లో వచ్చింది. "పెంపకం ఫారంలో పుట్టినవి" అని ఎగుమతి అవుతున్న వాటిలో దాదాపు 80 శాతం నిజానికి అడవిలో పట్టినవేనని తేల్చింది.  మీ గాజు పెట్టెలో ఉన్నది ఒక్కటే కావచ్చు. అది అక్కడికి చేరేలోపు దారిలో పోయినవాటి లెక్క ఎవరి దగ్గరా లేదు.

దారి ఎలా ఉంటుందంటే, 2023 ఏప్రిల్‌లో చెన్నై విమానాశ్రయంలో కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికురాలి బ్యాగుల్లో ప్లాస్టిక్ డబ్బాల్లో 22 పాములు, ఒక ఊసరవెల్లి దొరికాయి. అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరులో బ్యాంకాక్ నుంచి వచ్చి ఎవరూ తీసుకెళ్లకుండా వదిలేసిన బ్యాగు తెరిస్తే 55 బాల్ పైథాన్లు, 17 గిరినాగులు, 6 కపుచిన్ కోతులు. కోతులు ఆరూ చచ్చిపోయి ఉన్నాయి. గిరినాగులు ఎవరి డ్రాయింగ్ రూమ్‌కి వెళ్తున్నాయో ఆలోచించండి. పట్టుబడిన వాటిని మామూలుగా మళ్లీ విమానమెక్కించి వచ్చిన దేశానికే పంపేస్తారు. అంటే డబ్బాలో సగం చచ్చినదానికి రెండో ప్రయాణం.

విషసర్పాల గురించి ఇంకో మాట. మన ఆసుపత్రుల్లో దొరికే పాము కాటు మందు నాలుగు పాముల విషానికి తయారైంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆఫ్రికా పింజర ఒకటి ఇంట్లో కరిస్తే విజయవాడలో కాదు, హైదరాబాద్‌లో కూడా డాక్టర్ చేతిలో సరైన ఇంజెక్షన్ ఉండదు. మీ అబ్బాయి అలాంటిది పెంచడని నాకు తెలుసు. నియమాలు రాసేవాళ్లు మీ అబ్బాయి ఒక్కడి కోసమే రాయరు కదా.

బ్యాంకాక్ స్నేహితులకు చెప్పాల్సింది ఇదే. అక్కడి మార్కెట్లో బహిరంగంగా అమ్ముతారు, నిజమే. కొనడం అక్కడ తప్పు కాకపోవచ్చు. విమానమెక్కించడమే తప్పు. ఇక్కడ దిగగానే కస్టమ్స్ చట్టం 1962 కింద స్మగ్లింగ్ కేసు. దానిలో శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. పైన వన్యప్రాణి చట్టం వేరే. "జేబులో ఒక్క పిల్ల పాము" అని కుర్రాళ్లు అనుకుంటారు. పాస్‌పోర్టు మీద కేసు పడితే తర్వాత ఎమ్మెస్‌కి వీసా అడిగేటప్పుడు ఏం చెబుతారు?

మరి సక్రమంగా దిగుమతి చేసుకునే దారి లేదా అంటే, ఉంది. ఓపిక కావాలి. ముందు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచి అభ్యంతరం లేదని పత్రం. తెలంగాణ అయితే హైదరాబాద్ అరణ్య భవన్‌కి వెళ్లాలి. దాన్ని పట్టుకుని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచి దిగుమతి లైసెన్సు. ఎగుమతి చేసే దేశం నుంచి సైటిస్ పర్మిట్. జంతువు సైటిస్‌లో అన్నిటికన్నా కఠినమైన జాబితా అయిన అనుబంధం ఒకటిలో ఉంటే మన వైపు నుంచి కూడా సైటిస్ దిగుమతి పర్మిట్ కావాలి. అసలు ఆ జాబితాలోని జంతువుల మీద మామూలు వ్యాపారానికి అనుమతే లేదు. ఇవి కాక కేంద్ర పశుసంవర్ధక శాఖ నుంచి ఆరోగ్య సంబంధమైన దిగుమతి అనుమతి. జంతువు దిగాల్సింది క్వారంటైన్ కేంద్రం ఉన్న చోటే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో అవి ఉన్నాయి. ఈ క్వారంటైన్‌కి ఆధారమైన చట్టం 1898 నాటిది. బ్రిటిష్‌వాళ్లు పశువుల రోగాల భయంతో చేసింది. దాని కిందే ఇవాళ ఇగువానాలు కూడా నడుస్తున్నాయి.

ఇదంతా ఒక్క బల్లి కోసం ఎవరూ చేయరు. నిజాయతీగా చెప్పాలంటే, ఈ దారి ఉన్నది జూలకు, పెద్ద పెంపకందారులకు. మామూలు మనిషి ఇంట్లో పెంచుకోవాలంటే దేశంలోనే పుట్టి, రిజిస్టరైన జంతువును బదిలీ చేయించుకోవడం ఒక్కటే ఆచరణలో పనికొచ్చే దారి.

డాలస్ బావమరిది గారి సంగతి. నివాసం మార్చుకుని ఇండియా వచ్చేసేవాళ్లకు పెంపుడు జంతువుల్ని బ్యాగేజీగా తెచ్చుకునే వెసులుబాటు ఉంది గానీ, అది కుక్కలకు, పిల్లులకు మాత్రమే, రెండింటి వరకు. బియర్డెడ్ డ్రాగన్ ఆ లెక్కలోకి రాదు. ఆ బల్లిని అక్కడే మంచి ఇంటికి ఇచ్చేసి రమ్మనండి. అమెరికాలో సరీసృపాల్ని తీసుకుని మళ్లీ ఇళ్లకు దత్తత ఇచ్చే సంఘాలు చాలా ఉన్నాయి. ఇక్కడో చిన్న విచిత్రం. బియర్డెడ్ డ్రాగన్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఆ దేశం తన సరీసృపాల్ని వ్యాపారానికి బయటికి పంపడం ఎప్పుడో ఆపేసింది. అక్కడి జనం విదేశీ పాముల్ని, బల్లుల్ని ఇంట్లో పెంచుకోవడమూ నిషేధమే, స్థానిక జాతుల్ని లైసెన్సుతో పెంచుకోవచ్చు. అయినా ప్రపంచమంతా ఆస్ట్రేలియా బల్లి ఉంది. అంటే మొదట్లో కొన్ని తల్లులు ఎలాగోలా గడప దాటాయన్నమాట.

అమెరికాలో అడిగేవాడు లేడనుకోకండి. బావమరిది గారున్న టెక్సస్‌లోనే రెటిక్యులేటెడ్ పైథాన్, అనకొండ లాంటి పెద్ద పాములు పెంచాలంటే రాష్ట్రం నుంచి పర్మిట్ తీసుకోవాలి. హవాయిలో పాము పెంచడమే నేరం. ఫ్లోరిడా సంగతి అందరూ విన్నదే. పెంచుకోవడానికి తెచ్చిన బర్మా కొండచిలువలు వదిలేసినవి కొన్ని, తప్పించుకున్నవి కొన్ని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో స్థిరపడ్డాయి. కుందేళ్లు, రకూన్‌లు కనబడడమే అరుదైపోయింది. 2012లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ కొండచిలువల దిగుమతిని ఆపేసింది. గుర్రం పారిపోయాక లాయానికి తాళం వేసినట్టు.

మన దగ్గర ఫ్లోరిడా కథ జరగదని ధీమాగా ఉండొద్దు. మొదలైంది కూడా, కాకపోతే పాముతో కాదు, తాబేలుతో. చెంపల మీద ఎర్ర చార ఉండే చిన్న ఆకుపచ్చ తాబేలు, రెడ్ ఇయర్డ్ స్లైడర్. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు అక్వేరియం షాపుల్లో అమ్ముతారు. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని కొంటారు. రెండు మూడేళ్లకు అన్నం పళ్లెమంత అవుతుంది, నీళ్లు కంపు కొడతాయి, పిల్లలకు మోజు తీరిపోతుంది. "పాపం, చంపకూడదు" అని గుడి కోనేట్లోనో, చెరువులోనో వదిలేస్తారు. పుణ్యం అనుకుంటారు. అక్కడ మన తాబేలు ఎండ కాచుకునే రాయిని, తినే తిండిని అది ఆక్రమిస్తుంది. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 దురాక్రమణ జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని చేర్చింది. ఐరోపా దేశాలు 1997లోనే దీని దిగుమతి ఆపేశాయి. కేరళలో, అస్సాంలో చెరువుల్లో, కాలువల్లో ఇవి బయటపడ్డాయి. నేను చూసిన స్లైడర్లలో సగానికి పైగా ఇంట్లోవాళ్లు "ఎక్కడ వదలమంటారు సార్" అని అడగడానికి తెచ్చినవే.

అమెరికా వాళ్లు 1975లోనే నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకం నిషేధించారు. పర్యావరణం కోసం కాదు. చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాల పాలవుతున్నారని. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే తాబేలు నీళ్లను వంటింటి సింకులో పారబోయకండి. ఇది చట్టం కాదు, నా మాట.

ఇక్కడే మన చట్టం మీద నాకొక ఫిర్యాదు ఉంది. నాలుగో షెడ్యూల్ మొత్తం సైటిస్ జాబితా మీద నిలబడింది. సైటిస్ అడిగే ప్రశ్న ఒక్కటే: వ్యాపారం వల్ల ఆ జంతువు తన సొంత అడవిలో తగ్గిపోతోందా? మన చెరువుకు ఏమవుతుంది, మన పిల్లకు ఏమవుతుంది, ఆ జంతువును అపార్ట్‌మెంట్‌లో పెంచడం అసలు సాధ్యమా అనేవి దాని ప్రశ్నలు కావు. అందుకే కార్న్ స్నేక్ అనే అమెరికా పాము లాంటి కొన్ని ఆ జాబితాలోనే లేవు. దురాక్రమణ జాతుల దిగుమతిని, పెంపకాన్ని నియంత్రించడానికి, ఆపడానికి 62ఏ సెక్షన్ కేంద్రానికి అధికారం ఇచ్చింది. ఆ ఆయుధం వాడాల్సింది సరిగ్గా ఈ తాబేళ్ల లాంటి వాటి మీద.

పూర్తి నిషేధమే మందు కదా అని కొందరంటారు. నార్వే అది చేసి చూసింది. 1970లలో సరీసృపాల పెంపకం మొత్తం నిషేధించింది. నలభై ఏళ్ల పాటు జనం దొంగచాటుగా పెంచారు. జబ్బు చేస్తే డాక్టర్ దగ్గరికి తెచ్చేవాళ్లు కాదు, పట్టిస్తాడేమోనని. చివరికి 2017లో 19 జాతులతో ఒక జాబితా ప్రకటించి, ఇవి పెంచుకోండి, మిగతావి వద్దు అంది. నాకు నచ్చిన పద్ధతి అదే. "ఇవి వద్దు" అని వేల పేర్లు రాసే బదులు "ఇవి మాత్రమే పెంచుకోవచ్చు" అని ఇరవై పేర్లు రాస్తే కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్‌కీ తెలుస్తుంది, మీ అబ్బాయికీ తెలుస్తుంది. ఇప్పుడు మన రేంజర్ ముందు ఒక బల్లి పెడితే అది ఏ జాతో తేల్చడానికే సగం రోజు పడుతుంది. తూర్పు కనుమల్లో మన సొంత చిరుతచుక్కల బల్లి ఒకటి ఉంది. పెట్ షాపు లెపర్డ్ గెక్కోకు దగ్గరి చుట్టం. తెలియని కంటికి రెండూ ఒకటే అనిపించవచ్చు.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పి తీరాలి. మన తెలుగు ఇళ్లలో ఎక్కువ కేసులు తెచ్చిపెట్టేది ఇగువానా కాదు, నక్షత్ర తాబేలు. వీపు మీద పసుపు చుక్కల గీతలుండేది. చిత్తూరు, అనంతపురం వైపు పొదల్లో ఉంటుంది. "సింగపూర్ నుంచి తెచ్చిన ఎగ్జాటిక్ తాబేలు" అని దాన్నే అమ్ముతారు! ఒకసారి ఒక పెద్దావిడ తువ్వాల్లో చుట్టి తెచ్చారు. పూజ గదిలో ఈశాన్యం మూల పెట్టారట, ఎవరో వాస్తు చెప్పారట. పాలన్నం, బ్రెడ్డు తిని దాని చిప్ప మీద గోపురాల్లా బుడిపెలు లేచాయి. నడవలేకపోతోంది. "మా ఇంటికి లక్ష్మి బాబూ, బతికించు" అన్నారు. వైద్యం చేశాను. తర్వాత పక్కన కూర్చోబెట్టి చెప్పాను: అమ్మా, ఇది షెడ్యూల్ ఒకటి జంతువు, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉండే కేసు, దీనికి రిజిస్ట్రేషన్ అనే మాటే లేదు. ఒక జాతి అటు మొదటి రెండు షెడ్యూళ్లలోనూ, ఇటు నాలుగులోనూ ఉంటే మొదటి రెండు షెడ్యూళ్ల నియమాలే వర్తిస్తాయని 49ఆర్ సెక్షన్ చెబుతోంది. 2019లో సైటిస్ కూడా ఈ తాబేలును అనుబంధం ఒకటికి మార్చి వ్యాపారం పూర్తిగా ఆపేసింది. ఆవిడ కొడుకు మర్నాడు ఫారెస్టు ఆఫీసులో అప్పగించి వచ్చాడు. అక్కడ ఆయన్ని ఎవరూ లోపల వేయలేదు, కాఫీ ఇచ్చి సంతకం చేయించుకున్నారు. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను, కానీ తానుగా తెచ్చి ఇచ్చేవాడిని చూసే చూపు వేరు.

సరే, ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఇగువానా. ఏం చేయాలి?

అమ్మినవాడికి వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగమనండి: నీ రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి, బదిలీ ఎప్పుడు చేస్తావు అని. డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, ఆ ప్రకటన, చాట్ మొత్తం దాచిపెట్టండి. అతను బదిలీ చేస్తే పరివేష్‌లో మీ వైపు పని పూర్తి చేయండి. జవాబు లేకపోతే మీ జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) ఆఫీసుకు మీరే వెళ్లండి, అబ్బాయిని ఒక్కడిని పంపొద్దు. వీలైతే వన్యప్రాణి కేసులు తెలిసిన లాయర్‌తో ముందు ఒకసారి మాట్లాడండి. 2020లో ఇచ్చిన క్షమాభిక్ష లాంటిది ఇప్పుడు లేదు. పత్రాలు లేని జంతువును వాళ్లు స్వాధీనం చేసుకోవచ్చు, దానికి మనసు సిద్ధం చేసుకోండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అన్నది కాగితం మీద ఉంది. చేయకూడనివి రెండే. ఇంకొకరికి అమ్మి వదిలించుకోవద్దు, అప్పుడు మీ అబ్బాయి కొన్నవాడు కాదు, అమ్మినవాడు అవుతాడు. కృష్ణ ఒడ్డున వదలొద్దు. జూకి ఇచ్చేద్దామంటే, వాళ్లు వచ్చిన ప్రతి ఇగువానానీ తీసుకోరు. వాళ్ల దగ్గర ఉన్నవాటికే చోటు చాలదు.

ఇంకో సంగతి అబ్బాయికి తెలియాలి. ఈ జానెడు జంతువు బాగా పెరిగితే తోకతో ఐదారు అడుగులవుతుంది, పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. వాడి పెళ్లయ్యే నాటికి, ఉద్యోగానికి బెంగళూరు వెళ్లే నాటికి దాన్ని చూసేది మీరూ, మీ ఇంటావిడా. ఒక మగ ఇగువానా తోకతో కొడితే చేతి మీద బెత్తం వాత తేలినట్టు తేలుతుంది, నాకు తేలింది.

పేపర్ల పని నడిచేలోపు అది బతకాలి కదా. నా బల్ల మీదకొచ్చే ఇగువానాల్లో పదింట ఏడెనిమిదికి ఎముకల జబ్బే. "కాళ్లు భలే బలంగా పెరిగాయి సార్" అని మురిసిపోతూ తెస్తారు. నొక్కి చూస్తే అది కండ కాదు, కాల్షియం లేక ఉబ్బిన ఎముక. కింది దవడ పట్టుకుంటే రబ్బరులా వంగుతుంది. ఎక్స్‌రేలో వెన్నెముక పొగమంచులో గీసిన గీతలా ఉంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే లైటు లేకపోవడం. కిటికీ పక్కన పెట్టాం, ఎండ పడుతోంది అంటారు. కిటికీ అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. లైటు కొన్నా, అది వెలుగుతున్నంత మాత్రాన సరిపోదు, ఆరు నెలల నుంచి ఏడాదిలో దానిలో పస అయిపోతుంది.

అందుకని ఇవాళ రాత్రికే రెండు పనులు చేయండి. గాజు పెట్టె మీదున్న లైటు డబ్బా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, అది యూవీబీయో మామూలు వేడి బల్బో చెబుతాను. పాలకూర, తోటకూర రోజూ పెడుతుంటే ఆపేయండి, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. మునగాకు, లేత మందారాకు, తురిమిన తీపి గుమ్మడికాయ పెట్టండి. దవడ మెత్తగా అనిపిస్తే మాత్రం ఫొటోలు వద్దు, ముందు ఎక్స్‌రే తీయించండి.